తలూపినంకనే ఫోటో

మా మేనత్త పోయిందని నాకు ఫోన్ల జెప్పింది ఎదురింటి ఆపా. నేను అప్పుడు దవాఖానల డ్యూటీల ఉన్న, ఒక ముసలాయనకు బీపీ జూస్తున్న. "చెల్లె, అమ్మ ఇయ్యాల మిద్దె మీదికి రాలె. ఎండ గోడ దిగింది, అయినా రాలె. నేనే పోయి జూసిన," అన్నది ఆపా. ఆ మాటకే నాకు సమజైంది. ముసలాయన చేతికి కట్టిన పట్టిలకెల్లి గాలి మెల్లగ దిగుతున్నది. "ఎంతున్నదమ్మా?" అని అడిగిండు. "మంచిగనే ఉన్నది బాపు," అని జెప్పి, పట్టి ఇప్పి, అప్పుడు బయటికొచ్చిన.

నిద్రలనే పోయింది. దుప్పటి సుత చెదరలె.

మీలో ఎవ్వలకు ఆమె తెల్వదు. పాతబస్తీ జహనుమాల మా గల్లీ దాటితె ఆమెను గుర్తువట్టేటోళ్లు మస్తు తక్కువ. నేను నర్సింగు చదువుకోనీకె ఆమె ఇంటికొచ్చిన, చదువైపోయినా అక్కడ్నే ఉండిపోయిన. పిల్లలు లేరు ఆమెకు. మా మామకు ఫలక్‌నుమా స్టేషన్ దిక్కు చిన్న ఫోటో స్టూడియో ఉంటుండె. ఫోటో తీసేది మామ. ఎనుక అర్రల కూసోని ఆ ఫోటోల మొఖాలు సర్దేది అత్త. సన్న కుంచె కొసను కింది పెదవికి ఆనిచ్చి తడి చేసుకునేది, అందుకే ఆమె పెదవి మీద ఎప్పుడు ఒక నల్ల చుక్క ఉంటుండె. మొటిమలు, గీతలు, దుమ్ము మచ్చలు అన్నీ మాయం చేసేది గని ముడతలు మాత్రం ముట్టకపోయేది. "మొటిమ రేపు పోతది. ముడత వోదు, అది ఆ మనిషిదే," అనేది. పెండ్లి పిల్ల తల్లులు వచ్చి, మా మొఖాలు ఇంత ముసలిగ ఎందుకు కనవడ్తున్నయని మామ తోని కొట్లాడిపోయేటోళ్లు. మామ లోపలికి జూసి నవ్వేటోడు. ఆమె తలెత్తకపోయేది.

ముప్పై ఏండ్లు ఊరోళ్ల మొఖాలు సర్దిన మనిషి ఒక్క ఫోటో తియ్యలె. ఫోన్లొచ్చినంక స్టూడియో మూతవడ్డది, మామ పోయిండు. ఆయన ఆఖరికి కొన్న కెమెరాను పాత చీరెల చుట్టి అల్మారిల వెట్టింది. దాన్ని "డబ్బ" అనేది. మళ్ల దాన్ని ముట్టుకుంటదని నేను అనుకోలె.

గప్పుడే లాక్‌డౌన్ వచ్చింది. నాకు కరోనా వార్డుల డ్యూటీ వడ్డది. అత్తకు షుగరున్నది, ఒక ఊపిరితిత్తి ముందు నుంచే బలం తక్కువ. నా నుంచి ఆమెకు ఏమన్న అంటితె ఎట్లని, నేను కింది అర్రల ఉండుడు, ఆమె మిద్దె మీది అర్రల ఉండుడు అని ఒప్పందం జేస్కున్నం. నడుమ పద్నాలుగు మెట్లు. ఆమె వండి నా గిన్నెను నడిమెట్టు మీద వెట్టి పైకి వోయేది. ఆమె తలుపు దగ్గరికైన సప్పుడు ఇని నేను పోయి తెచ్చుకునేదాన్ని. ఒక్క ఇంట్ల ఉండి ఒకరి మొఖం ఒకరం దూరం నుంచి చూసుకునెటోళ్లం.

ఆ రోజులు మీకు యాదికుంటయి. మా గల్లీల అంత నిశ్శబ్దం నేనెప్పుడు ఇనలె. రైళ్లు బంద్, ఆటోలు బంద్. ఎక్కన్నో మూడు గల్లీల అవుతల ఎవరో పోపు వెడితె చిటపట మనింట్లనే అయినట్టు వినిపించేది. అజాన్ మొదలైతె దాని ఎనుక ఇంకో మసీదుది, దాని ఎనుక ఇంకోటి, ఒక్కొక్కటి ఏరుకోని ఇనొచ్చు. ఆకాశం కడిగినట్టుండె. నేను ఇంటికొచ్చేసరికి మాస్కు తాళ్లకు ముక్కు మీద, చెవుల ఎనుక తోలు లేసిపోయి ఉంటుండె. స్నానం చేసి, అట్లనే గోడకు ఆనుకోని కూసునేదాన్ని.

ఒక సాయంత్రం గిన్నెతో పాటు మెట్టు మీద కెమెరా ఉన్నది. పై నుంచి అత్త అన్నది: "పిల్లా, నువ్వు రోజంత ఆడ ఏం జూస్తున్నవో నాకెర్క. అన్నం తినే ముందు ఇది జూడు. మన గల్లీ ఇయ్యాల గిట్లున్నది."

మొదటి ఫోటోల ఆకాశం సగం, ఆమె బొటన వేలు సగం. రెండోదాంట్ల మా నీళ్ల ట్యాంకు వంకర. మూడోది చూసి నేను చెయ్యాపిన. రోడ్డు నట్టనడుమ ఒక పిల్లి, నాలుగు కాళ్లు చాపి, ఎండల పండుకోని ఉన్నది. ఏ బండి రాదని దానికి ఎవ్వలు జెప్పిన్రో. ఎనుక మూసిన షట్టర్లు, ఇస్త్రీ బండి మీద కప్పిన బరకం, కొసాకరు దాక ఖాళీ గల్లీ. పిల్లి మీద ఎండ పాల మీగడ లెక్క పరుచుకోని ఉన్నది.

"మంచిగుందా?" అని అడిగింది.

"మస్తుంది అత్తా," అన్న. ఎన్ని రోజులైందో నేను గా మాట అని.

అప్పట్నుంచి రోజు మెట్టు మీద నాకు రెండు ఉంటుండె, అన్నం, గల్లీ. నేను కెమెరాను స్పిరిట్ తోని తుడిచి మళ్ల అదే మెట్టు మీద వెట్టేదాన్ని. ఒక తల్లి మిద్దె మీద కొడుక్కు జుట్టు కత్తిరిస్తున్నది, పిల్లగాడు కండ్లు గట్టిగ మూసుకున్నడు. కడిగి బోర్లేసిన స్టీలు గిన్నెల మీద మబ్బు కనవడ్తున్నది. కొత్త కోడలు ఫోను చెయ్యి బారన వట్టుకోని తల్లితోని మాట్లాడుతున్నది, ఆమె నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు ఇప్పటికి తెల్వదు. అత్తకు కెమెరా నేర్పినోళ్లు ఎవ్వలు లేరు. గని మొఖాల మీద ఎలుగు ఏడ వడాలె, నీడ ఏడ ఉండనియ్యాలె అన్నది ముప్పై ఏండ్లు చూసిన మనిషాయె.

మా వార్డుల అప్పుడు ఒక ముసలామె ఉండె. ఆమె కొడుకు బేగంబజార్‌ల హమాలీ. మనుషులెవ్వలు లోపలికి రానీకె లేదు గద, నన్ను వట్టుకోని అడిగేది, "బయట ఎట్లున్నది బిడ్డా?" అని. ఏం జెప్పాల్నో తెల్వక ఆ రోజు అత్త ఫోటోలల్ల ఏమున్నదో జెప్పిన. తెల్లారి నేను వోంగనే, మాస్కు లోపలికెల్లి అడిగింది: "ఆ పిల్లి లేసిందా?" లేసిందన్న. మర్నాడు మళ్ల అడిగింది. పదకొండో రోజు ఆమె మంచిగై ఇంటికి వోయింది. పోయేటప్పుడు మా అత్తకు దండం పెట్టిన అని జెప్పుమన్నది. జెప్తె అత్త, "పిల్లికి పెట్టుమను," అన్నది.

ఇప్పుడు ఎదురింటోళ్ల గురించి జెప్పాలె. మా రెండు మిద్దెల నడుమ గల్లీ, ఎనిమిదడుగులుంటదేమో. ఎదురింటి భాయ్ లాడ్ బజార్‌ల ఒక గాజుల దుకాణంల పనిచేసేటోడు. పొడుగు మనిషి, మాట తక్కువ. దుకాణాలు మూసినంక పొద్దంత మిద్దె మీద పావురాలతోనే ఉంటుండె. ఆయన భార్యనే ఆపా. ఆమె బయటికొస్తె బుర్ఖా లేకుండ మేమెవ్వలం చూడలె.

నాకు సెలవున్న ఒక రోజు కిందికి అరుపులు వినవడ్డయి. బయటికొచ్చి చూస్తె భాయ్ ఆ మిద్దె కొసకొచ్చి నిలవడ్డడు. ఆపా ఆ పొద్దు మిరపకాయలు ఎండవోస్తుంటె గాలికి దుపట్టా ఎగిరిందట. అత్త ఫోటో తీసింది.

"క్యా అమ్మా, పూఛే బగైర్ ఫోటో ఖీంచ్‌రే ఆప్?" అని గట్టిగ అడుగుతున్నడు. "అడగకుండ ఎట్ల తీస్తవ్? మా ఇంట్ల ఆడోళ్లు ఇగ మా మిద్దె మీద సుత భయపడుకుంట కూసోవాల్నా?"

నిమిషంల అన్ని మిద్దెల మీదికి మనుషులొచ్చిన్రు. మా దిక్కు నుంచి ఒకాయన, "పెద్దామె మీద అరుస్తవేంది?" అన్నడు. వాళ్ల దిక్కు నుంచి ఇంకొకాయన దానికి జవాబిచ్చిండు. మా దిక్కు గల్లీలల్ల లొల్లి ఎట్ల మొదలైతదో, ఒక్క మాట పది మాటలు ఎట్లయితయో మాకెర్క. ఆ రోజులల్ల రోగం మీదికెల్లి రెండు దిక్కుల నడుమ గాలి సుత ముందే చెడి ఉన్నది.

అత్త చెయ్యెత్తింది. "ఎవ్వలు మాట్లాడొద్దు. తప్పు నాది," అన్నది. కొంగు మూతికి అడ్డం గట్టుకోని మెట్లు దిగింది. నన్ను దాటి గల్లీలకు వోయి, భాయ్ కిందికొచ్చినంక కెమెరా ఆయన చేతుల వెట్టింది.

"నువ్వే తుడుసెయ్ భాయ్."

ఆయనకు ఏ బటన్ వత్తాల్నో తెల్వలె. అత్తనే దగ్గరికొచ్చి చూపెట్టింది. ఒక్కటి కాదు, అన్నిట్ని తుడిచేసింది. ఇరువై రోజుల గల్లీ. పిల్లి, గిన్నెల మబ్బు, జుట్టు కత్తిరించే తల్లి. దాంట్ల భాయ్‌ది సుత ఒకటుండె, చేతి మీద పావురం ఎక్కుతుంటె మెడ ఎనుకకు వంచి నవ్వుతున్నది. మా గల్లీల ఆయన నవ్వు ఫోటోల తప్ప నేను చూసి ఎరుగ.

ఆ సాయంత్రం మెట్ల కింద నిలవడి నేను అరిసిన. "ఒక్కటి తీసేస్తె అయిపోతుండె గద అత్తా! నా కోసమే గద తీసినవ్."

"నీ కోసమే తీసిన. గని వాళ్లవి తీసిన," అన్నది. "వాళ్లను అడగలె. ఆయనొక్కడు నన్ను నిలవెట్టి అడిగిండు, మిగిలినోళ్లు అడగలె, గంతే."

నాలుగు రోజులు మెట్టు మీద అన్నం గిన్నె ఒక్కటే ఉన్నది. ఐదో రోజు మళ్ల కెమెరా ఉన్నది. పిట్టగోడ మీద కూసోని తల చిక్కు తీసుకుంటున్న ఒక పిల్ల, నేరుగ మన దిక్కు చూసుకుంట, కొంచెం సిగ్గువడుకుంట.

"అడిగి తీసిన," అన్నది అత్త పై నుంచి.

అడిగేది ఎట్లంటె, కెమెరాను ఒక చేత్తోని నెత్తి పైకి లేపి వట్టుకోని నిలవడేది. అవుతల మిద్దె మీదోళ్లు తలూపితె తీసేది. చెయ్యి అడ్డం ఊపితె దించేది. ఎంత మంచి ఎలుగున్నా, ఎంత మంచి మొఖమున్నా దించేది. కొన్ని రోజులకు గల్లీ అంత దానికి అలవాటువడ్డది. కొందరు పౌడరేస్కోని వచ్చి నిలవడేటోళ్లు. వాళ్లకు అత్త అరిసి జెప్పేది: "తలూపినవ్ గద, ఇగ నీ పని నువ్వు జేస్కో. నన్ను మర్చిపో." వాళ్లు మర్చిపోయే దాక కెమెరా వట్టుకోని ఓపికగ కూసునేది. ఆమె తీసిన వాటిల్ల మంచియన్ని ఆ మర్చిపోయిన ఘడియలయే.

భాయ్‌ని సుత రోజు అడిగేది. పొద్దు గూకే ముందు, పావురాలు గూటికొచ్చే యాళ్లకు కెమెరా పైకి లేపేది. ఆయన ఎదమీద చెయ్యి వెట్టి, తల అడ్డం ఊపేటోడు. అత్త కెమెరా దించి, ఆ చెయ్యి నుదుటికి ఆనిచ్చేది. రోజు అడుగుడు, రోజు వద్దనుడు. కొన్ని వారాలకు అది వద్దనుడు లెక్క లేకుండె, ఇద్దరు సలాం చేస్కున్నట్టే ఉండె. ఆ ఏడు రంజాన్ పండుగకు మా ఇంటికి ఎవ్వలు రావొద్దాయె. భాయ్ ఒక పొడుగు కట్టె కొసకు డబ్బా కట్టి, గల్లీ మీది నుంచి మా మిద్దె దాక చాపిండు. దాంట్ల షీర్ ఖుర్మా, పండుగ సేమియా పాయసం. అత్త ఇప్పుకునే దాక ఆ కట్టె కదలలె.

ఏడాది తిరిగినంక రెండోసారి రోగమొచ్చింది, మొదటిసారి కన్నా పాడుగ వచ్చింది. భాయ్‌కి ఊపిరాడక ఆటోల తీస్కవోయిన్రు. మా దవాఖాన గాదు, వేరే. నాలుగు రోజులు నేను ఫోన్లు చేస్కుంటనే ఉన్న. ఐదో రోజు చెయ్యాల్సిన పని లేకుండె. కవర్ల చుట్టి నేరుగ ఖబ్రస్తాన్‌కు తీస్కవోయిన్రు. ఆపాకు మొఖం సుత చూపెట్టలె.

ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండ గడిపినంక ఆపా మా ఇంటికొచ్చింది. మెట్ల కాడ నిలవడి పైకి చూసి అడిగింది: "అమ్మా, గా పావురాల కాడ ఆయిన నవ్వుతున్న ఫోటో ఒకటుండె అని ఆయిననే జెప్పిండు నాకు. తుడుస్తుంటె చూసిండట. నువ్వు నిజంగ తుడిచినవా? ఎక్కన్నన్న ఒకటి ఉంచుకున్నవా?"

నేను అత్త మొఖం చూసిన. ఉంచుకోని ఉంటె ఎంత మంచిగుండు అని నా మనసు కొట్టుకున్నది.

"అన్నీ తుడిచిన బిడ్డా," అన్నది అత్త. "ఉంచుకోలె."

ఆపా మొదటి మెట్టు మీదనే కూలవడ్డది. ఏడ్వలె. ఫోటోలంటె ఆయనకు పడకపోయేది. ఇంట్ల ఉన్నదొక్కటే, ఎన్నడో హజ్‌కు వోదామని అర్జీ పెట్టినప్పటిది. దాంట్ల గడ్డం నల్లగ, చూపు బిగుసుకోని, ఎవ్వలో పరాయి మనిషి లెక్క ఉన్నడట.

అత్త "అది తీస్కరా," అన్నది.

తెచ్చినంక, చేతుల వట్టుకోని, ఇంకో మాట అడిగింది. "ఆయనకు ఇష్టం లేకుండె గద బిడ్డా. దీన్ని ఆయన లెక్క సర్దాల్నా మరి?"

"ఆయినకు లేకుండె అమ్మా," అన్నది ఆపా. "నాకు గావాలె."

రోడ్డు మీది షాపుల దాన్ని పెద్దగ జేపిచ్చుకొచ్చిన నేను. అత్త ట్రంకు పెట్టెలకెల్లి కుంచెలు తీసింది. సగం వెంట్రుకలు రాలిపోయినయి. ఒక కంటికే ఆపరేషనైంది ఆమెకు, చెయ్యి వణుకుతుండె. తువ్వాల చుట్ట చుట్టి మణికట్టు కింద వెట్టుకున్నది, భూతద్దాన్ని దారంతోని మెడకు కట్టుకున్నది. రోజు పొద్దుగాల పది గంటల ఎలుగుల కూసునేది, ఎండ అర్ర దాటంగనే లేసేది. ఆపా పక్కన నేల మీద కూసునేది. అత్త గడ్డం ఒక్కొక్క వెంట్రుకను తెల్ల చేస్కుంట వచ్చింది.

"గింత తెల్లగ లేకుండె. కింద తెలుపు, పైన బూడిద రంగు," అనేది ఆపా.

"ఈ దిక్కా?"

"ఆ దిక్కు. నమాజుకు వోయేటప్పుడు ఆ దిక్కే దువ్వేటోడు."

కండ్ల కాడికొచ్చేసరికి వారం వట్టింది. "నవ్వితే ఎడమ కన్ను జెర చిన్నగ అయితుండె," అన్నది ఆపా. అత్త కన్ను కింద నీడను దారం మందం జరిపింది. ఆపా కాదన్నది. మళ్ల జరిపింది. కాదన్నది. ఒక రోజు ఆ కన్ను ఎట్లయితుండెనో చూపెట్టనీకె ఆపానే ఎడమ కన్ను చిన్నగ జేసి నవ్వింది. ఆయన పోయినంక ఆమె నవ్వంగ అప్పుడే చూసిన. అత్త కుంచె ఆపి ఆమె మొఖం అట్లనే చూస్కుంట కూసున్నది. ఇద్దరు ఆడోళ్లు, ఒకరికి యాదికున్నది, ఒకరి చేతికి వచ్చు, నడుమల ఒక మనిషి మెల్లగ తిరిగొస్తున్నడు.

నెల దాటినంక ఒక పొద్దున ఆపా ఒక్కసారి అత్త మణికట్టు వట్టుకున్నది.

"బస్ అమ్మా. ఇంక ముట్టకు. ఇగ ఆయిన మాట్లాడ్తడు."

ఆ పటాన్ని ఆమె గోడకు వెట్టలె. అల్మారిల ఆయన శాలువ మడతల ఉంచింది. ఎప్పుడన్న తీసి చూస్తదట.

ఒకసారి నేను అత్తను అడిగిన, ఆ పావురాల ఫోటో ఎందుకు తుడిచిన అని అనిపిస్తదా అని. చాయ్ సాసర్ల వోసుకోని ఊదుతున్నది. "రోజు అనిపిస్తది," అన్నది. ఒక గుక్క తాగింది. "అయినా వద్దన్నోడు వద్దన్నట్టే పిల్లా. పోయిండని ఆ మాట మారదు."

రోగం పోయింది, రైళ్లు మొదలైనయి, పోపు సప్పుడు మళ్ల హారన్ల కింద మునిగిపోయింది. నేను కింది అర్రలకు రమ్మన్నా ఆమె మిద్దె మీది అర్ర ఇడువలె. ఆఖరి దాక రోజు కెమెరా పైకి లేపింది, చేతి బలం తగ్గినంక రెండు చేతుల్తోని లేపింది. నేను డ్యూటీ నుంచి వస్తె ఇప్పటికి మొదట నా కండ్లు నడిమెట్టు మీదికే వోతయి. మంచాల మీద ఉన్నోళ్లకు సూది ఇచ్చే ముందు, దుప్పటి జరిపే ముందు, నేను ఒక్క క్షణం ఆగి వాళ్ల మొఖం దిక్కు చూస్త. వాళ్లు తలూపినంకనే చెయ్యి వెడ్త. ఇది నాకు నర్సింగుల ఎవ్వలు నేర్పలె.

అంత్యక్రియలనాడు రెండు దిక్కుల మొగోళ్లు మోసిన్రు. ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు గద, సాయంత్రం ఆపా అన్నం, ఖట్టీదాల్ తెచ్చింది. నాకు తినబుద్ధి కాలె, ఆమె బలవంతం చెయ్యలె. గిన్నెలు లోపల వెట్టొచ్చి గడప మీద నా పక్కన కూసున్నది. గల్లీ అప్పుడే కడిగినట్టు ఖాళీగ ఉండె. ఎండాకాలం ఎల్లిపోతున్నది, గాలిల మట్టి వాసన తేలుతున్నది.

అప్పుడు ఆ చివరి ఇంటి రేకుల మీద వాన వడ్డ సప్పుడైంది. ఆ ఒక్క ఇంటి మీదనే. తర్వాత దాని పక్క రేకు మీద. తర్వాత ఇవుతలి దాని మీద. వాన ఒక్కొక్క ఇల్లు దాటుకుంట, ఎవ్వలనో ఎతుక్కుంటున్నట్టు, మెల్లగ మా దిక్కు నడిసొస్తున్నది. లేసి లోపలికి వోదామని ఆపా అనలె, నేను అనలె. రెండిండ్ల దూరంల నేల నల్లవడుకుంట వస్తుంటె, అట్లనే చూస్కుంట కూసున్నం.